ప్రాణం తీసిన ప్రమాదంలో వాహనాన్ని ఎలా పరీక్షించాలి: మొదటి ఫొటో నుంచి నివేదిక దాకా

డ్రైవరు బ్రేకులు పడలేదంటాడు. చూసినవాళ్లు మెరుపు వేగంతో వచ్చాడంటారు. ఈ రెండు మాటలనూ వాహనం మీదే సరిచూసుకోవచ్చు. దానికి షరతు ఒక్కటే, పరీక్షించేవాళ్లే ఆ ఆనవాళ్లను చెరిపేయకూడదు.

పరీక్ష అంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: కనబడుతున్న ఈ లోపం ఢీకొనకముందు నుంచీ ఉందా, ఢీకొన్న క్షణంలో వచ్చిందా, ఆ తరువాత కట్టర్లూ క్రేనూ, వాహనాన్ని తెచ్చి ఉంచే యార్డూ కలిసి తెచ్చిపెట్టాయా? అరిగిన ప్యాడ్‌ను ఏ మెకానిక్కయినా పట్టుకోగలడు. అది ఎప్పటిది, దానివల్లే మనిషి చనిపోయాడా అన్నది తేల్చడమే అసలు పని.

వరుస ఇది: ముందు కళ్లతో చూడండి, తరువాత కొలవండి, ఆ తరువాత కదపండి, చివర్న విప్పండి. ఈ నాలుగింటిలో దేన్ని ముందుకు జరిపినా దాని వెనకది పాడవుతుంది.

## 1. వాహనం కదలకముందే

క్రేన్ వచ్చేలోపు చేసే అరగంట పనికి యార్డులో వారం రోజులు పనిచేసినా సాటి రాదు.

- వాహనం చుట్టూ 8 దిక్కుల నుంచి ఫొటోలు: నాలుగు పక్కలు, నాలుగు మూలలు. తరువాత ప్రతి దెబ్బకూ దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, స్కేలు పెట్టి ఇంకొకటి.
- గేరు, హ్యాండ్‌బ్రేక్, లైట్ల స్విచ్, వైపర్, ఇండికేటర్ మీట ఏ స్థితిలో ఉన్నాయో ఫొటో.
- తాళంచెవి ఎక్కడుంది, ఏ స్థానంలో ఉంది. దాన్ని తిప్పకండి.
- నాలుగు చక్రాలూ ఏ వైపు తిరిగి ఉన్నాయి, ఏది తిరగకుండా బిగుసుకుపోయింది.
- బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఇంజన్ ఆయిల్ కారిన చోట్లు. మరకలు రోడ్డు మీద ఎక్కడ మొదలయ్యాయో కూడా. ఢీకొన్న చోటికి ముందు నుంచే బ్రేక్ ఆయిల్ చుక్కలుంటే కథ మారిపోతుంది.
- రక్షణ సిబ్బంది ఏం కోశారు, ఏ సీటు వెనక్కి జరిపారు, బ్యాటరీ వైరు ఎవరు తీశారు. వాళ్లు అక్కడుండగానే అడిగి రాసుకోండి. రేపటికి ఎవరికీ గుర్తుండదు.

లాగుకెళ్లేటప్పుడు నేల మీద ఈడ్చకుండా ప్లాట్‌ఫారం ఉన్న బండి మీద ఎక్కించాలి. వెనక చక్రాలు నేలకు తగులుతూ వెళ్తే టైరు మీది తాజా గీతలు పోయి కొత్తవి వస్తాయి. కొక్కెం ఎక్కడ తగిలించారో ఫొటో తీయండి, ఆ వంకరను తరువాత ఎవరైనా ప్రమాదం దెబ్బ అనుకోవచ్చు.

పైకప్పు ఉన్న చోట పెట్టి, తలుపులు, బానెట్, ఇంధన మూత సీలు చేయండి. వానకు తడిస్తే ఒక్క రాత్రిలోనే విరిగిన ఉక్కు తుప్పు పడుతుంది. కొత్తగా విరిగిన చోటును పాతదిగా చూపించడానికి ఆ తుప్పు చాలు.

## 2. దగ్గరికి వెళ్లేముందు మీ ప్రాణం

పేలని ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా తల పెట్టకండి. బ్యాటరీ తీసినా బ్యాగును పేల్చే మాడ్యూల్‌లో (కంట్రోల్ పెట్టెలో) కొంతసేపు చార్జి నిలిచి ఉంటుంది. తయారీదారు చెప్పినన్ని నిమిషాలు ఆగాకే చెయ్యి పెట్టాలి. పైకప్పు అంచుల్లో, సీటు పక్కన, మోకాళ్ల దగ్గర కూడా బ్యాగులు ఉంటాయని మరవద్దు.

విద్యుత్ వాహనమైతే నారింజ రంగు కేబుళ్లను తాకకండి. 400 నుంచి 800 వోల్టుల వ్యవస్థలు ఇప్పుడు మామూలే. దెబ్బతిన్న బ్యాటరీ గంటల తరువాత, ఒక్కోసారి రోజుల తరువాత కూడా అంటుకుంటుంది. అందుకే దాన్ని మిగతా వాహనాలకూ కట్టడాలకూ కనీసం 15 మీటర్ల దూరంలో ఆరుబయట ఉంచాలి. పైకప్పు కింద పెట్టమన్న పై మాట దీనికి వర్తించదు. నీళ్లు దిగని కవరు కప్పండి.

ఎయిర్ బ్రేకులున్న లారీల్లో స్ప్రింగ్ బ్రేక్ చాంబర్‌ను (గాలి పోతే చక్రాన్ని పట్టే స్ప్రింగ్ ఉండే డబ్బాను) ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. లోపలి స్ప్రింగ్ అదుముకుని ఉంటుంది, బయటికి తన్నితే ఎదురుగా ఉన్నవాళ్లు బతకరు.

## 3. రక్తం, వెంట్రుకలు, దారాలు ముందు

కొలతల టేపు తీయకముందే జీవ ఆనవాళ్లు సేకరించాలి. ఎయిర్‌బ్యాగ్ గుడ్డ, ముందు అద్దం, స్టీరింగ్ చక్రం, డ్యాష్‌బోర్డు అంచు, తలుపుల లోపలి పిడులు వీటికి చోట్లు. ప్రతి నమూనాకూ కొత్త చేతి తొడుగులు వేసుకోండి. తడి నమూనాను ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే కుళ్లుతుంది.

రెండు వాహనాలను ఒకే మనిషి, అవే తొడుగులతో, ఒకదాని తరువాత ఒకటి చూడటం చాలా చోట్ల జరిగే తప్పు. ఒక బండి రంగు పొడి రెండో బండి మీద దొరికితే, అది ఢీకొన్నప్పుడు అంటిందా మీ చేతుల మీదుగా వచ్చిందా అని కోర్టులో అడుగుతారు.

## 4. దెబ్బల కొలత

నేరుగా తగిలిన దెబ్బను, దాని లాగుడుకు వంగిన రేకును విడివిడిగా గుర్తించండి. తగిలిన చోట గీతలు, రంగు మార్పిడి, ఎదుటి వస్తువు ముద్ర ఉంటాయి. లాగుడుకు వంగిన చోట ముడతలుంటాయి కానీ గీతలుండవు.

ముందు భాగం నలిగితే, దెబ్బ వెడల్పును సమాన దూరాల్లో 6 బిందువులుగా విడదీసి, ఒక్కో బిందువు దగ్గర రేకు ఎంత లోపలికి పోయిందో బంపర్ ఎత్తులో కొలవాలి. దెబ్బతినని వెనక ఇరుసుకు సమాంతరంగా నేల మీద తాడు కట్టుకుంటే ఆధార రేఖ దొరుకుతుంది. కొలతలను అదే మోడల్, అదే సంవత్సరం వాహనంతో పోల్చండి. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా రెండు పక్కలా కొలిచి, తేడా రాయండి.

దెబ్బ లోపల దుమ్ము పేరుకుందా, తుప్పుందా, పైన పుట్టీ పూసి ఉందా చూడండి. ఉంటే అది పాత గాయం.

స్పీడోమీటరు ముల్లు ఆగిన అంకెను వేగంగా రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. కొన్ని డయళ్లలో కరెంటు పోగానే ముల్లు ఉన్నచోటే నిలుస్తుంది, కొన్నింటిలో సున్నాకు పడిపోతుంది, ఇంకొన్నింటిలో కుదుపుకే ఎగురుతుంది. ఫొటో తీసి పెట్టుకోండి. వేరే ఆధారం తోడు లేకుండా దాని మీద ఏదీ నిలబెట్టవద్దు.

## 5. బల్బులు: కరెంటు ఇవ్వకముందే

లైటు వెలుగుతుందో లేదో చూద్దామని స్విచ్ వేస్తే అక్కడితో ఆ సాక్ష్యం పోయినట్టే. గాజు పగిలిన బల్బులో ఫిలమెంటు (వెలిగే తీగ) గాలి తగిలి కాలిపోతుంది. అప్పుడు అది ఢీకొన్నప్పుడు కాలిందా మీరు కాల్చారా అని తేల్చే దారి ఉండదు.

వెలుగుతున్న టంగ్‌స్టన్ తీగ దాదాపు 2500 డిగ్రీల వేడిలో మెత్తగా ఉంటుంది. ఢీకొన్న కుదుపుకు సాగి వంకర తిరుగుతుంది. ఆరి ఉన్న తీగ పెళుసుగా ఉంటుంది కాబట్టి పుటుక్కున తెగుతుంది, చుట్ల ఆకారం మారదు. భూతద్దంలో చూసేవి ఇవి:

- గాజు బాగుంది, చుట్లు సాగి వంకరపోయాయి: ఆ క్షణంలో వెలుగుతోంది.
- గాజు పగిలింది, తీగ నీలంగానో నల్లగానో మారింది, పక్కన తెల్లటి లేదా పసుపు పొడి ఉంది: వేడిగా ఉండగానే గాలి తగిలింది.
- తీగ మీద గాజు రేణువులు కరిగి అంటుకున్నాయి: వెలుగుతుండగా పగిలింది.
- తెగిన కొసలు మెరుస్తున్నాయి, ఆకారం మారలేదు: ఆరి ఉండగా తెగింది.

తీగ మామూలుగా కనబడితే మాత్రం ఏమీ తేలదు. దెబ్బ దూరంగా తగిలితే వెలుగుతున్న తీగ కూడా చెక్కుచెదరదు. పాతబడిన తీగ దానంతటదే కొంచెం వాలుతుంది కూడా, అందుకే రెండో వైపు బల్బుతో పోల్చకుండా అభిప్రాయం చెప్పవద్దు. ఇండికేటర్ అయితే వెలిగీ ఆరీ ఉంటుంది, ఆరిన క్షణంలోనే ఢీకొని ఉండవచ్చు.

బ్రేక్ లైటు ఫిలమెంటుకు ప్రత్యేకంగా సమయం కేటాయించండి. వెనక నుంచి గుద్దించుకున్న వాహనంలో, అప్పటికి డ్రైవరు కాలు పెడల్ మీద ఉందో లేదో చెప్పగలిగేది అదే కావచ్చు.

ఎల్ఈడీ లైట్లకు ఈ పద్ధతి పనికిరాదు. స్విచ్ స్థానం, వైరింగ్, మాడ్యూల్‌లో దాచిన సమాచారం మీద ఆధారపడాలి.

## 6. ఎలక్ట్రానిక్ రికార్డు

బల్బుల పని ముగిశాకే వాహనానికి కరెంటు. వీలుంటే అసలు ఇవ్వకుండా ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌ను నేరుగా కలిపి చదవండి.

చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లోనే ఈడీఆర్ (ఈవెంట్ డేటా రికార్డర్, ఢీ సమాచారాన్ని దాచే పరికరం) ఉంటుంది. ఢీకొనేముందు సుమారు 5 సెకన్ల వేగం, యాక్సిలరేటర్, బ్రేక్ స్విచ్, ఢీలో మారిన వేగం, బెల్టు బకిల్ స్థితి అందులో దొరుకుతాయి. ఎయిర్‌బ్యాగ్ పేలిన ఘటన మామూలుగా చెరిగిపోకుండా ఉంటుంది. పేలని ఘటన మీద మాత్రం కొత్తది రాసుకుపోవచ్చు. కాబట్టి వాహనాన్ని నడపకండి, ఇగ్నిషన్‌ను ఊరికే ఆన్ చేయకండి.

అంకెలను చదివేటప్పుడు జాగ్రత్తలు:

- అందులోని వేగం ఎక్కువగా చక్రాల తిరుగుడు నుంచి వచ్చిందే. చక్రం బిగుసుకుని జారితే రికార్డు తక్కువ చూపిస్తుంది, గాల్లో గానీ బురదలో గానీ తిరిగితే ఎక్కువ చూపిస్తుంది.
- అసలు కొలతకు మించిన టైర్లు వేసి ఉంటే అదే నిష్పత్తిలో వేగం తప్పుతుంది. టైరు పరిమాణం రాయకుండా డేటా జత చేయవద్దు.
- రికార్డు మొదలవడానికి సాధారణంగా 150 మిల్లీసెకన్లలో గంటకు 8 కి.మీ. వేగపు మార్పు కావాలి. పాదచారినో సైకిలునో గుద్దినప్పుడు అంత మార్పు రాకపోవచ్చు. రికార్డు లేనంత మాత్రాన గుద్దలేదని కాదు.
- భారీ వాహనాల్లో ఇంజన్ ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), టాకోగ్రాఫ్ (వేగం, నడిపిన సమయం రాసుకునే పరికరం), జీపీఎస్ పరికరం విడిగా చూడాలి. డ్యాష్‌క్యామ్ కార్డును వెంటనే తీసి నకలు చేయండి, లేకపోతే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కుతాయి.

## 7. టైర్లు

చక్రం తీయకముందే టైరుకూ రిమ్‌కూ కలిపి గుర్తు పెట్టండి, ఏ మూలదో రాయండి. గాలి ఉన్న టైర్లలో ఒత్తిడి కొలవండి. ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల పొర) లోతును అడ్డంగా 3 చోట్ల, చుట్టూ కనీసం 3 చోట్ల కొలవాలి. గాడుల అడుగున ఉండే అరుగుదల గుర్తులు సాధారణంగా 1.6 మి.మీ. దగ్గర పైకి తేలతాయి. పక్క గోడ మీది డాట్ కోడ్‌లో చివరి 4 అంకెలు తయారీ వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం.

గాలి లేని టైరు దొరకగానే ‘టైరు పేలి ప్రమాదం’ అని రాసేయడం తేలిక. విప్పి లోపల చూసేదాకా ఆగండి.

గాలి తగ్గి చాలా దూరం నడిచిన టైరు పక్క గోడ లోపలి వైపు చుట్టూ నలిగి, రబ్బరు పొడి రాలి ఉంటుంది. ఢీలో తెగినదాంట్లో ఆ పొడి ఉండదు. తెగిన చోటు ఒక్కటే ఉంటుంది, దానికి ఎదురుగా రిమ్ అంచు వంగి ఉంటుంది. రిమ్‌కూ టైరు అంచుకూ మధ్య గడ్డి, మట్టి ఇరుక్కుంటే వాహనం అడ్డంగా జారుతూ గాలి పోగొట్టుకుందని అర్థం. ట్రెడ్ ఊడితే ఊడిన ముఖాలు చూడండి: నునుపుగా పాలిష్ పట్టినట్టుంటే చాలాకాలంగా విడిపోతూ వచ్చింది, గరుకుగా చిరిగి ఉంటే అప్పటిది.

వాల్వును, పాత పంచరు అతుకులను సబ్బు నీళ్లతో పరీక్షించండి. టైరును మళ్లీ గాలి నింపి చూడాలనిపిస్తే ముందు లోపలి ఫొటోలు అయిపోయాయో లేదో చూసుకోండి.

## 8. బ్రేకులు

పెడల్ నొక్కి చూడటం మొదటి పని కాదు. పైపు తెగి ఉంటే ఒక్క నొక్కుతో మిగిలిన ఆయిల్ బయటికి పోతుంది, రిజర్వాయర్ మట్టం అనే సాక్ష్యం దానితోపాటే పోతుంది.

హైడ్రాలిక్ బ్రేకులకు వరుస:

1. రిజర్వాయర్ మట్టం ఫొటో. శుభ్రమైన గాజు సీసాలో నిండుగా నమూనా, గట్టి మూత. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సగం సీసా తెస్తే ప్రయోగశాల ఫలితం మీద నమ్మకం పోతుంది.
2. మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే భాగం) నుంచి ప్రతి చక్రం దాకా పైపులు. తెగిన చోట తుప్పు, రాపిడి ఉంటే పాతది. చదునుగా నలిగి తెగితే ఢీలోది.
3. అప్పుడు పెడల్: గట్టిగా ఉందా, మెత్తగా దిగుతోందా, నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి పోతోందా.
4. ప్యాడ్ల మందం లోపలిదీ బయటిదీ విడిగా. డిస్కు మందం మైక్రోమీటరుతో. కనీస మందం చాలా డిస్కుల మీద చెక్కి ఉంటుంది.
5. ప్యాడ్ల మీద ఆయిల్, గ్రీజు. డిస్కు మీద నీలం రంగు, గాజులా మెరిసే పూత.

బాగా వేడెక్కి ఆయిల్ మరిగి బ్రేకు పడకపోతే, చల్లారాక పెడల్ మళ్లీ మామూలుగా ఉంటుంది. అందుకే యార్డులో బ్రేకులు బాగున్నాయన్న ఒక్క మాటతో డ్రైవరు మాటను కొట్టేయలేం. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ మరిగే కనీస హద్దు కొత్తదైతే 230 డిగ్రీలు, తేమ పట్టాక 155. పొడవైన దిగుడు దారి, భారీ లోడు, నీలం తిరిగిన డిస్కు, తేమ పట్టిన ఆయిల్ అన్నీ కలిస్తే ఆ మాటకు బలం ఉంది. ఇవేవీ లేకపోతే లేదు. ఇంకోమాట: ఆధునిక కార్లలో బ్రేకులు రెండు వేరు వేరు దారుల్లో పనిచేస్తాయి. ఒక పైపు తెగినంత మాత్రాన బ్రేకులన్నీ పోవు.

ఎయిర్ బ్రేకులకు: చక్రాలకు చెక్కలు పెట్టి, చాంబర్ విప్పకుండా గాలి ఒత్తిడితోనే స్ప్రింగ్ బ్రేక్ వదిలించి, పుష్ రాడ్ (చాంబర్ నుంచి బయటికి వచ్చి బ్రేకును తోసే కడ్డీ) మీద చాంబర్ దగ్గర సుద్దతో గీత పెట్టండి. ట్యాంకులో 90 నుంచి 100 పీఎస్ఐ ఉండగా బ్రేకు వేసి, గీత ఎంత బయటికి వచ్చిందో కొలవండి. ఈ దూరమే స్ట్రోక్. మామూలు స్ట్రోక్ క్లాంపు చాంబర్లలో (టైప్ అంకె చాంబర్ సైజును చెబుతుంది) టైప్ 30కి హద్దు 51 మి.మీ., టైప్ 24కి 44 మి.మీ. పైపులు తెగి ఉంటే బయటి కంప్రెసర్ నుంచి ఒక్కో చాంబర్‌కు విడిగా గాలి ఇవ్వాలి.

కొలవకముందు పెడల్ పదేపదే తొక్కితే ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్లు (బ్రేకు అరుగుదలకు తగ్గట్టు స్ట్రోక్‌ను సర్దే భాగాలు) తమంతట తామే సర్దుకుంటాయి. అప్పుడు మీరు కొలిచేది ప్రమాదం నాటి స్ట్రోక్ కాదు. డ్రమ్ వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి దిగుడులో అసలు స్ట్రోక్ మీ చల్లటి కొలత కన్నా ఎక్కువే ఉండి ఉంటుంది, ఈ సంగతి నివేదికలో రాయండి.

ఈ కొలతలు వేగం లెక్కనూ మారుస్తాయి. సమతల రోడ్డు మీద జారి ఆగిన వాహనానికి, 254నూ రాపిడి గుణకాన్నీ (టైరు రోడ్డును ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె) మీటర్లలో జారిన దూరాన్నీ గుణించి వర్గమూలం తీస్తే గంటకు కి.మీ.లలో వేగం వస్తుంది. గుణకం 0.7, దూరం 30 మీటర్లు అయితే 73 కి.మీ. కానీ ఒక ఇరుసు బ్రేకులు పట్టక మొత్తం సామర్థ్యం 60 శాతమే ఉంటే అదే 30 మీటర్లకు 57 కి.మీ. రోడ్డు మీది గీతను మాత్రమే కొలిచి బ్రేకులు చూడనివాళ్లు ఆ డ్రైవరు మీద 16 కి.మీ. అదనంగా మోపినట్టు.

## 9. స్టీరింగ్, చక్రాలు, విరిగిన ముక్కలు

స్టీరింగ్ చక్రం నుంచి టై రాడ్ (ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ) చివరి దాకా ప్రతి జాయింట్‌నూ చేత్తో కదిపి చూడండి. విరిగిన ముక్క దొరికితే రెండు ముఖాలనూ కలిపి చూడాలని చెయ్యి లాగుతుంది. అలా చేయవద్దు. ముఖాలు రాసుకుంటే సన్నటి గీతలు చెరిగిపోతాయి. వైరు బ్రష్షుతో రుద్దకండి. పొడిగా చుట్టి, విడి కవర్లలో లోహ నిపుణుడికి పంపండి.

కంటికి కనబడేది ఇంత: అలల్లాంటి వంపు గీతలు, కొంత భాగం తుప్పు, మిగతాది మెరుపు ఉంటే పగులు చాలాకాలంగా పెరుగుతూ వచ్చింది. మొత్తం ఒకే రంగులో, వంగి సాగి విరిగితే ఒక్క దెబ్బకు విరిగింది.

చక్రం ఊడిపోయిన వాహనంలో స్టడ్‌లు (నట్లు బిగించే మర మేకులు) దూరే రంధ్రాలు చూడండి. నట్లు వదులై కొంత దూరం నడిచి ఉంటే రంధ్రాలు కోలగా సాగి, లోపలి గోడ మీద మర ముద్రలు పడి ఉంటాయి. ఢీలో ఊడితే స్టడ్‌లు వంగి తెగుతాయి, రంధ్రాలు గుండ్రంగానే ఉంటాయి.

## 10. బెల్టులు, ఎవరు నడిపారు

ఇద్దరు ప్రయాణించి ఒకరు చనిపోతే, బతికినవారు ‘నేను పక్క సీట్లో ఉన్నాను’ అనడం కొత్త కాదు.

- బెల్టును మొత్తం బయటికి లాగి, పిల్లర్ (తలుపు పక్క స్తంభం) మీది లూపు దగ్గర, బకిల్‌లో దూరే నాలుక దగ్గర రాపిడికి ప్లాస్టిక్ కరిగిన గీతలు, మెరిసే పట్టీ చూడండి. ఉంటే ఎవరో పెట్టుకుని ఉన్నారు.
- ప్రీటెన్షనర్ (ఢీకొన్న క్షణంలో బెల్టును బిగించే పరికరం) పేలి బెల్టు బయటికి వచ్చి బిగుసుకుందా, లోపలికి చుట్టుకుని బిగుసుకుందా? రెండోదైతే పెట్టుకోలేదని గట్టి సూచన.
- కత్తితో కోసిన అంచు నిటారుగా ఉంటుంది, లాగుడుకు తెగిన అంచు పీచు తేలుతుంది.
- సీటు జరిగిన దూరం స్థిరమైన ఒక బిందువు నుంచి కొలిచి, ఇద్దరి ఎత్తుతో పోల్చండి.
- చనిపోయినవారి, గాయపడినవారి చెప్పులు, బూట్లు భద్రపరచండి. అడుగున పెడల్ రబ్బరు ముద్ర దొరకవచ్చు.
- స్టీరింగ్ కింది ప్లాస్టిక్ మీద వేడికి కరిగి అంటుకున్న బట్ట దారాలు.

బకిల్ పెట్టి ఉందని ఈడీఆర్ చెప్పినా బెల్టును సీటు వెనక నుంచి చుట్టి పెట్టి ఉండవచ్చు. బెల్టు మీది గీతలతో సరిచూడండి.

## 11. పాదచారిని గుద్ది పారిపోయిన వాహనం

అనుమానిత వాహనాన్ని ర్యాంపు మీద ఎక్కించి అడుగు భాగం చూడకుండా వదలవద్దు. వెంట్రుకలు, బట్ట, చర్మం సైలెన్సర్ పట్టీలకూ ఇరుసుకూ చుట్టుకుని దొరుకుతాయి. కడిగిన బండిలోనూ బంపర్ వెనక, ప్లాస్టిక్ క్లిప్పుల్లో, నంబరు ప్లేటు వెనక మిగులుతాయి.

ప్రమాదం జరిగిన చోట దొరికిన లైటు ముక్కలను వాహనంలో మిగిలిన ముక్కలతో అంచుకు అంచు కలపండి, రంగు పొరల వరుసను పోల్చండి. బంపర్ మీద దెబ్బ ఎత్తును మృతుని కాలి గాయం ఎత్తుతో పోల్చేటప్పుడు, బ్రేకు వేస్తే ముందు భాగం కిందికి వంగుతుందన్నది లెక్కలో పెట్టుకోండి. కొత్తగా వేసిన హెడ్‌లైటు, ఒక్క పక్కే కొత్త రంగు కూడా సాక్ష్యమే.

## 12. నివేదిక

ప్రతి లోపాన్నీ మూడు ప్రశ్నలతో రాయండి: ఏమిటి, ఎప్పటిది, ప్రమాదంలో దాని వంతు ఉందా. మూడోదానికి ‘ఉంది’, ‘లేదు’, ‘చెప్పలేం’ అనే మూడు జవాబులూ గౌరవమైనవే. ఎడమ వెనక టైరు అరిగి ఉంది, కానీ పొడి రోడ్డు మీద నేరుగా వస్తూ గుద్దింది, కాబట్టి సంబంధం కనబడలేదు: ఇలా రాయాలి. ‘వాహనం కండిషన్‌లో లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట పడిపోయేది అదే.

జత చేయాల్సినవి:

- సీలు నంబర్లు, ఎవరు ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మళ్లీ వేశారు.
- కొలిచిన పరికరాల పేర్లు, వాటిని సరిచూసిన తేదీలు.
- పరీక్షించలేకపోయిన భాగాలు, ఎందుకు కుదరలేదో.
- ఈడీఆర్ ముడి ఫైలు, చదివిన ముద్రిత ప్రతి రెండూ.
- తీసి ఉంచిన భాగాల జాబితా. కోయడం, కరిగించడం లాంటి తిరిగి చేయలేని పరీక్షలు అన్నింటికన్నా చివర్న, అవతలి పక్షానికి ముందే తెలియజేసి, వీడియో తీస్తూ చేయాలి. సగం ముక్కను వాళ్ల నిపుణుడి కోసం ముట్టకుండా ఉంచండి.